వంటింటి అలమరలో పొడి, చీరల కింద మాత్రలు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి, దాని సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 38 ఏళ్లు. ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతారు. ఇంట్లో భర్త, ఎనిమిదో తరగతి చదివే కూతురు, అత్తగారు ఉన్నారు. తండ్రి పోయిన కొన్నాళ్లకు, అంటే ఇప్పటికి 14 నెలల కిందట, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, పాఠం మధ్యలో మాట తోచక నిలబడిపోవడం, కూతురు పలకరించినా విసుక్కోవడం మొదలయ్యాయి. మానసిక వైద్యులు డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. రెండు నెలల్లో నిద్ర కుదుటపడింది, ఏడుపు తగ్గింది. అంతకు మించి మెరుగు రాలేదు. ఆకలి లేదు, తిన్నది అరగదు, మూడు రోజులకోసారి గాని విరేచనం కాదు, పొద్దున లేస్తే ఒళ్లు బరువు. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు గాని పరీక్ష చేయించుకుని ఏడాది దాటింది. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లి ఐదు నెలలైంది. పాత చీటీ చూపించి మందుల షాపులో అవే మాత్రలు తెచ్చుకుంటున్నారు.

ఆమె తమ్ముడు చైనాలో వైద్యవిద్య పూర్తిచేసి వచ్చి, ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి కావలసిన పరీక్షకు చదువుకుంటున్నారు. డిప్రెషన్‌కు మూలం పేగుల్లోని బ్యాక్టీరియాలో ఉందని, చైనా మూలికలు దాన్నే సరిచేస్తాయని చెప్పి, ఒక స్నేహితుడి ద్వారా గోధుమరంగు పొడి పొట్లాలు తెప్పించి ఇచ్చారు. నెల రోజుల నుంచి పొద్దున్నే పరగడుపున, థైరాయిడ్ మాత్రతో పాటే, వేడినీళ్లలో కలుపుకుని తాగుతున్నారు. మొదటి రెండు వారాల్లో కడుపు తేలికైంది, మనసు కాస్త విచ్చుకుంది. దాంతో 12 రోజుల కిందట ఎస్సిటలోప్రామ్ ఒక్కసారిగా ఆపేశారు. మూడో రోజు నుంచి తల తిరగడం, తల పక్కకు తిప్పితే లోపల కరెంటు కొట్టినట్లు ఝల్లుమనడం, పీడకలలు. మందుల విషం బయటికి పోతోందని తమ్ముడు అన్నారు. చూశావా ఎంత అలవాటు చేశాయో అని భర్త అన్నారు. చెన్నైలో ఒక చోట మలపరీక్ష చేసి, ఏ బ్యాక్టీరియా తగ్గిందో చూసి, దానికి తగిన క్యాప్సూల్స్ ఇస్తారట. 18,000 రూపాయలవుతుందట.

ఆమె ప్రశ్నలు ఇవి. "నా జబ్బు నిజానికి కడుపుదేనా? ఇన్నాళ్లూ మనసుకని తప్పు వైద్యం చేయించుకున్నానా? మాత్రలు పూర్తిగా వదిలేసి ఈ పొడి మీదే ఉండవచ్చా?"

*

మీ మూడు ప్రశ్నల కంటే ముందు, మీరు ప్రశ్నగా అడగని ఒక వాక్యం గురించి మాట్లాడాలి. ఐదో పేజీ అడుగున, మిగతా రాత కంటే చిన్న అక్షరాలతో, "రాత్రి పడుకుంటే తెల్లారి లేవకపోయినా బాగుండునని ఈ వారంలో రెండుసార్లు అనిపించింది" అని రాసి, వెంటనే కూతురి పరీక్షల విషయానికి వెళ్లిపోయారు. మాత్ర ఆపిన తరువాతి వారంలో ఈ ఆలోచన వచ్చింది కనుక దీన్ని నేను చాలా ముఖ్యమైన లక్షణంగా తీసుకుంటున్నాను. ఈ సమాధానం చదివిన రోజే మీ వైద్యులకు ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి: మాత్ర ఆపిన సంగతి, ఈ ఆలోచన సంగతి. ఆయన దొరకకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన ఇంకా బలపడి, ఎలా అన్న దాకా వెళితే, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రుయా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. తెల్లవారేదాకా ఆగవద్దు.

ఇక ఆ కరెంటు కొట్టినట్లు ఉండటం గురించి. అది విషం బయటికి పోవడం కాదు, మీకు మందు వ్యసనమైందనడానికి గుర్తూ కాదు. నాడీకణాల మధ్య కబురు చేరవేసే సెరటోనిన్ అనే రసాయనాన్ని మెదడులోని కణాలు తిరిగి పీల్చుకోకుండా ఈ మాత్ర కొంత అడ్డుపడుతుంది. నెలల తరబడి ఆ స్థితికి సర్దుకున్న నాడీమండలం, మందు హఠాత్తుగా లేకుండా పోతే తడబడుతుంది. సాధారణంగా ఆపిన రెండు నాలుగు రోజుల్లో మొదలై, చాలామందిలో ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. కొందరిలో ఎక్కువకాలం ఉంటుంది. వ్యసనంలో మందు కోసం ఆరాటం ఉంటుంది, మోతాదు పెంచుకుంటూ పోవాలనిపిస్తుంది. మీకు ఆ రెండూ లేవు. ఈ తడబాటు తగ్గిపోయింది కదా, గండం గడిచింది అనుకోవడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే అసలు జబ్బు తిరగబెట్టేది వారాలు, నెలలు గడిచాక, మాత్ర మానిన సంగతే మరచిపోయిన వేళ.

ఇప్పుడు పేగుల సంగతి. మీ తమ్ముడు గాలిమాటలు చెప్పలేదు. మన శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది. 2004లో జపాన్ పరిశోధకులు, ఒంట్లో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలు ఒత్తిడికి మామూలు ఎలుకల కంటే తీవ్రంగా స్పందిస్తాయని, చిన్నతనంలోనే ఒక రకం బ్యాక్టీరియాను వాటి పేగుల్లో చేర్చితే ఆ తీవ్రత తగ్గుతుందని చూపించారు. 2016లో చైనా పరిశోధకులు డిప్రెషన్ ఉన్నవారి మలంలోని బ్యాక్టీరియాను అలాంటి ఎలుకలకు ఎక్కిస్తే, అవి కూడా దిగులుపడిన ఎలుకల్లాగే ప్రవర్తించాయి. 2019లో బెల్జియంలో 1,054 మందిని పరిశీలించినప్పుడు, డిప్రెషన్ ఉన్నవారి పేగుల్లో కోప్రోకాకస్, డయాలిస్టర్ అనే రెండు జాతులు తక్కువగా కనిపించాయి. వాళ్లు వేసుకునే మందుల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసినా ఆ తేడా మిగిలింది. కడుపు తరుక్కుపోయిందని, కడుపులో దేవినట్లుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

అయితే ఇక్కడి నుంచి "కాబట్టి బ్యాక్టీరియాను సరిచేస్తే డిప్రెషన్ పోతుంది" అనేదాకా చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని మీ తమ్ముడు ఒక్క అంగలో దాటేశారు. పేగుల్లో తయారైన సెరటోనిన్ మెదడులోకి వెళ్లదు, రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడను దాటలేదు. పేగుల కబురు మెదడుకు చేరేది వేరే దారుల్లో, ముఖ్యంగా మెదడు నుంచి కడుపుదాకా సాగే వేగస్ నాడి ద్వారా, రోగనిరోధక వ్యవస్థ వదిలే రసాయనాల ద్వారా. 2011లో ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని తినిపిస్తే ఎలుకల్లో బెదురు తగ్గింది, వేగస్ నాడిని కోసేసిన ఎలుకల్లో తగ్గలేదు. ఎంత చక్కని రుజువు! కానీ అదే బ్యాక్టీరియాను ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఇచ్చి చూసి, 2017లో ప్రచురించిన ప్రయోగంలో ఏ తేడా కనిపించలేదు. పైగా ఏది ముందు, ఏది వెనుక అన్న చిక్కు ఎటూ ఉంది. దిగులులో ఉన్న మనిషి సరిగా తినరు, కదలరు, నిద్రపోరు. పేగుల్లోని జీవులు ఆ తిండిని బట్టి, ఆ కదలికను బట్టి మారిపోతాయి. మీకు ఆకలి చచ్చిపోయింది కాబట్టి బ్యాక్టీరియా మారిందా, బ్యాక్టీరియా మారింది కాబట్టి ఆకలి చచ్చిందా అన్నది ఒక్క మలపరీక్ష తేల్చలేదు. ఏ జాతి ఎంత ఉంటే సరి అని చెప్పడానికి అందరూ ఒప్పుకున్న కొలత ఇంకా లేదు. ఆ 18,000 రూపాయలు పెడితే రంగురంగుల బొమ్మలతో ఒక నివేదిక వస్తుంది, కానీ దాన్ని చూసి మీ వైద్యంలో మార్చగలిగింది ఏమీ ఉండదు. ఈ ఒక్క విషయంలో మాత్రం సూటిగా చెబుతున్నాను, ఆ డబ్బు దాచుకోండి.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నన్ను పట్టి నిలిపింది వేరొకటి. ఎస్సిటలోప్రామ్ మాత్రల అట్టను ఏడాదికి పైగా బీరువాలో చీరల కింద దాచుకున్నారు. "ఎన్నాళ్లు మింగతావు మే ఆ పిచ్చి మాత్రలు" అని అత్తగారు ఒకసారి అన్నప్పటి నుంచి, తలుపు వేసుకుని వేసుకునేవారు. ఈ పొడి పొట్లాలు మాత్రం వంటింటి అలమరలో, కాఫీపొడి డబ్బా పక్కన, అందరి కళ్లముందు ఉన్నాయి. పైగా అత్తగారే పొద్దున్నే నీళ్లు కాచి, గ్లాసులో పొడి కలిపి, మీ చేతికిచ్చి "తాగినావా" అని అడుగుతున్నారు. 14 నెలల్లో మీ జబ్బును ఇంట్లో ఒకరు పట్టించుకోవడం అదే మొదటిసారని నాకు అనిపిస్తోంది. కడుపు జబ్బుకు మన ఇళ్లలో పరువు ఉంది. పథ్యం వండిపెడతారు, ఎలా ఉందని అడుగుతారు. మనసు జబ్బుకు ఆ భాగ్యం లేదు. అందుకని నా జబ్బు కడుపుదైతే బాగుండునని మీకు అనిపించడంలో తప్పేమీ లేదు. కానీ ఆ కోరికనూ, జబ్బు ఎక్కడుందన్న ప్రశ్ననూ విడదీసి చూడమని అడుగుతున్నాను. డిప్రెషన్ ఉన్న మనిషికి నీళ్లు కాచి ఇవ్వడానికి, ఆ జబ్బు పేగుల్లో పుట్టిందని నిరూపించనక్కరలేదు.

మొదటి రెండు వారాల మెరుగు అబద్ధమని నేను అనను. కానీ ఆ రోజుల్లో మీరు మాత్ర కూడా వేసుకుంటూనే ఉన్నారు. పొద్దున్నే వేడినీళ్లు తాగడం మలబద్ధకానికి కొంత మేలు చేసి ఉండవచ్చు. అత్తగారి పలకరింపు తన పని తాను చేసి ఉంటుంది. తమ్ముడి మీద నమ్మకం కూడా చిన్న మందేమీ కాదు. పొడి పాలు ఎంతో, వీటి పాలు ఎంతో విడదీసి చెప్పే దారి లేదు.

పొట్లం మీద ఉన్న పేర్లను తమ్ముడితో చదివించి రాసి పంపడం మంచిదైంది. దాన్ని బట్టి అది శియావ్‌యావ్ అనే ప్రసిద్ధమైన యోగం, అంటే మూలికల మిశ్రమం. సోంగ్ వంశపు కాలంలో, సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందట ప్రభుత్వ ఔషధశాల కోసం కూర్చిన గ్రంథంలో ఉంది. ఛాయ్‌హూ, డాంగ్‌గుయ్, తెల్ల పియోనీ వేర్లు, ఫూలింగ్ అనే శిలీంధ్రం, మరికొన్ని, వాటితో పాటు మనకు బాగా తెలిసిన అతిమధురం, అల్లం, పుదీనా. కాలేయం దగ్గర ప్రాణశక్తి ప్రవాహం నిలిచిపోయి మనిషి కుంగిపోతాడని ఆ వైద్యం భావిస్తుంది. ఎద బరువు, ఆకలి లేకపోవడం, కడుపుబ్బరం కలిసి ఉన్నవారికి దీన్ని ఇస్తారు. మీ లక్షణాలకు దగ్గరగా ఉందని మీ తమ్ముడికి అనిపించడం సహజమే. చైనా మూలికలను తీసిపారేయడం కూడా నా ఉద్దేశం కాదు. మలేరియాకు వాడే, ఒక మొక్క నుంచి తీసిన ఆర్టెమిసినిన్ ఆ సంప్రదాయం నుంచే వచ్చింది, దానికి చైనా శాస్త్రవేత్త తూ యోయోకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆమె ఆ మొక్కలో పనిచేసే పదార్థాన్ని వేరుచేసి, పరీక్షించి, మోతాదు తేలేదాకా శ్రమపడిన ఫలితం అది. శియావ్‌యావ్ మీద చైనాలో ప్రయోగాలు చాలానే జరిగాయి. వాటిలో చాలావాటిలో దీన్ని డిప్రెషన్ మాత్రలతో కలిపి ఇచ్చి, మాత్రలు మాత్రమే వేసుకున్నవారితో పోల్చారు. కలిపి ఇచ్చినవారికి కొంత మేలు కనిపించింది. కానీ ఎవరికి ఏది ఇచ్చారో వైద్యుడికీ రోగికీ తెలిసిపోయే పద్ధతిలో, కొద్దిమంది మీద చేసినవే ఎక్కువ. కాబట్టి గట్టిగా నమ్మలేం. మాత్రలు ఆపి దీని మీదే ఉండవచ్చు అనడానికి అవి ఆధారం కావు. చైనా ఆసుపత్రుల్లో కూడా డిప్రెషన్‌కు మీరు వేసుకునే మాత్రల వంటివి రాస్తారు.

ఆ వైద్యం తన సొంత నియమాల ప్రకారమైనా, నాడి చూసి, నాలుక చూసి, మనిషికో యోగం నిర్ణయిస్తుంది. ఇద్దరికీ డిప్రెషనే అయినా ఒకరికిచ్చింది ఇంకొకరికి ఇవ్వకపోవచ్చు. స్నేహితుడి సామానులో వచ్చిన పొట్లం ఆ వైద్యం లెక్కలోనూ వైద్యం కాదు. మీరు వృక్షశాస్త్రం చెబుతారు గనుక ఒక సంగతి మీకు వెంటనే అర్థమవుతుంది. 1990ల తొలినాళ్లలో బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గడానికి చైనా మూలికలు వాడినవారిలో వందమందికి పైగా మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. స్టెఫానియా వేరుకు బదులు, చైనా భాషలో దానికి దగ్గరి పేరున్న అరిస్టోలోకియా వేరు కలిసింది. రెండూ వేరువేరు కుటుంబాల మొక్కలు. పొట్లంలో పొడిగా మారాక మీరైనా గుర్తుపట్టలేరు. మీ పొట్లంలో అలాంటిది ఉందని నేను అనడం లేదు, లేదని చెప్పగలిగినవారు ఇక్కడ ఎవరూ లేరని అంటున్నాను.

పేగుల బ్యాక్టీరియాకూ ఈ పొడికీ మధ్య నిజమైన సంబంధం ఒకటి ఉంది, అది మీకు చెప్పిన తీరులో కాదు. అతిమధురంలోని గ్లిసిరైజిన్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా విడగొట్టి వేరే పదార్థంగా మారుస్తాయి, ఒంట్లోకి ఎక్కువగా చేరేది అదే. ఎవరి పేగుల్లో ఏ జీవులున్నాయన్నదాన్ని బట్టి ఒకే పొట్లం ఇద్దరిలో రెండు రకాలుగా పనిచేయవచ్చు. ఆ పదార్థం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. ఎస్సిటలోప్రామ్ మోతాదును బట్టి గుండె విద్యుత్ లయ మీద కొంత ప్రభావం చూపగలదు, పొటాషియం తగ్గినవారిలో ఆ ప్రమాదం పెరుగుతుంది. రెండూ కలిపి వేసుకోవాలనుకుంటే వైద్యులకు చెప్పి తీరాలి అనడానికి కారణం ఇదే.

ఇంతకూ నాకు అన్నిటికంటే అనుమానంగా ఉన్నది మీ థైరాయిడ్. మలబద్ధకం, పొద్దున ఒళ్లు బరువు, మందకొడితనం, మాత్రలు వేసుకున్నా పూర్తిగా లేవని మనసు, ఇవన్నీ థైరాయిడ్ మోతాదు చాలకపోయినా ఉంటాయి. ఏడాదిగా పరీక్ష లేదు. పైగా నెల రోజులుగా ఆ మాత్రను పొడి కలిపిన నీళ్లతో మింగుతున్నారు. దాన్ని పరగడుపున ఉత్త మంచినీళ్లతోనే వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తీసుకోకుండా ఉండాలి, లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు. శాకాహారులమని రాశారు కనుక బీ12 కూడా చూపించుకోండి. రెండూ ఏ ల్యాబులోనైనా చేసే మామూలు రక్తపరీక్షలు. చెన్నై వెళ్లనక్కరలేదు.

ఇక మీ ముందున్న దారులు. వైద్యులు ఒప్పుకుంటే మళ్లీ ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టడం ఒకటి. పన్నెండు రోజుల విరామం తరువాత ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి. పోయిన రోజుల లెక్క కలిపి రెండేసి వేసుకోవద్దు. సగం మెరుగుతో ఆగిపోవడం మీ ఒక్కరికే జరిగింది కాదు. 2006లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, మీ మాత్రకు తోబుట్టువు లాంటి సిటలోప్రామ్‌తో పూర్తిగా కోలుకున్నది సుమారు మూడోవంతు మందే. మిగతావారికి మోతాదు, మందు మార్చి చూశారు, మాటల చికిత్స కలిపి చూశారు. మీరు ఐదు నెలలుగా పాత చీటీతోనే నెట్టుకొచ్చారు కనుక మీకు ఈ దారులేవీ ఇంకా తెరుచుకోలేదు. నిజంగా మాత్రలు మానేయాలన్నదే మీ నిర్ణయమైతే, దానికీ పద్ధతి ఉంది. పూర్తిగా కోలుకున్నాక కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, ఆ తరువాత మెల్లమెల్లగా తగ్గించడం. ఇప్పుడు, సగం దారిలో ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ, ఆ నష్టం మీ ఉద్యోగం మీద, కూతురి మీద పడుతుంది. ఆ బరువు తెలిసి నిర్ణయించుకోండి.

కడుపు వైపు నుంచి కూడా చేయగలిగింది ఉంది, మాత్రలతో పాటుగా. 2017లో ఆస్ట్రేలియాలో 67 మందితో చేసిన ప్రయోగంలో, పన్నెండు వారాలు తిండి మార్చుకున్నవారిలో 32 శాతం మంది, కేవలం కబుర్లతో తోడు దొరికినవారిలో 8 శాతం మంది కోలుకున్నారు. చిన్న ప్రయోగం, ఎవరు ఏ జట్టులో ఉన్నారో వాళ్లకు తెలుసు, కనుక అతిగా ఆశపడవద్దు. 2023లో ప్రచురించిన లండన్ ప్రయోగంలో, మాత్రలు వేసుకుంటున్న 49 మందిలో సుమారు సగం మందికి ప్రోబయోటిక్, అంటే మేలుచేసే బ్యాక్టీరియా, కలిపి ఇస్తే కొంత మేలు కనిపించింది. అది కూడా తొలి అడుగే. కావాలంటే మీ వైద్యులను అడిగి రెండు నెలలు వాడి చూడవచ్చు. ఖర్చు తప్ప పెద్ద నష్టం లేదు. కానీ నేనైతే ముందు కంచం వైపు చూస్తాను. పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారుచేసే జీవుల్లో ఇందాక చెప్పిన కోప్రోకాకస్ ఒకటి. పీచు కోసం మీరు ఎక్కడికో పోనక్కరలేదు. రాగి సంగటి, చలికాలంలో పితికిపప్పు, ఉలవలు, అలసందలు, ఆకుకూరలు, గ్లాసెడు మజ్జిగ, ఇవి మీ అత్తగారి చేతికి వచ్చిన వంటలు. ఇవి డిప్రెషన్‌ను నయం చేస్తాయని చెప్పను. మూడు రోజులకోసారి అయ్యే విరేచనం సంగతి మాత్రం కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. ఉబ్బరం ఉంది కనుక పప్పుదినుసులు కొద్దికొద్దిగా పెంచండి.

మూలికల దారే కావాలనిపిస్తే, మీ ఊళ్లోనే శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. మనిషిని చూసి, ఏం ఇస్తున్నారో రాసి ఇస్తారు. రాసి ఉన్నది మీ మానసిక వైద్యులు చదవగలరు, ఏది దేనితో పడదో చెప్పగలరు. చైనా పొడిని మాత్రం, ఆయన చూసేదాకా, ఈ రోజు నుంచే ఆపి ఉంచండి. తమ్ముడికి చెప్పడం కష్టమవుతుందని తెలుసు. అక్క బాధ చూడలేక చేసిన పని అది. ఆయన అక్కడ చదివింది కూడా ప్రధానంగా మామూలు వైద్యవిద్యే గనుక, ఈ థైరాయిడ్, పొటాషియం సంగతులు చెబితే మీకంటే ముందు ఆయనే అర్థం చేసుకుంటారు. వీలైతే ఆయన్ను కూడా ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి, ఆయన ప్రశ్నలు నేరుగా వైద్యులనే అడగనివ్వండి.

అత్తగారిని కూడా పిలవండి. పొద్దున్నే గ్లాసు చేతికిచ్చి అడిగే ఆ మనిషి, కోడలి జబ్బు పేరేమిటో, ఆ మాత్ర ఏం చేస్తుందో డాక్టరు నోటి నుంచి ఇంతవరకు విని ఉండరు. వెళ్లేటప్పుడు థైరాయిడ్ సీసా, చీరల కిందనున్న మాత్రల అట్ట, పొడి పొట్లం ఒకటి, మూడూ చేతిసంచిలో వేసుకుని, డాక్టరు గారి బల్ల మీద ముగ్గురి ఎదుటా పెట్టండి. మాత్ర ఏ తేదీన ఆపారో, పొడి ఏ తేదీన మొదలుపెట్టారో, ఐదో పేజీలోని ఆ వాక్యంతో సహా, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. నోటితో చెప్పలేకపోతే ఆ కాగితం ఆయన చేతికి ఇస్తే సరిపోతుంది.